వలయం మధ్యలో సున్నా

నలభై రెండు జవాబు పత్రాల్లో నలభై ఒకటి ఒకే తప్పుతో ఉన్నాయని తెలిసేసరికి ఫిజిక్స్ లెక్చరర్ చేతిలోని ఎర్ర పెన్ను ఆగిపోయింది.

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా పత్రాలు దిద్దేయాలి. నాలుగింటికి ప్రిన్సిపాల్ గదికెళ్లి, ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టించుకోవాలి. ఏడో ప్రశ్న దగ్గర కథ అడ్డం తిరిగింది. విద్యుదావేశం ఉన్న తీగ వలయానికి కేంద్రం దగ్గర పొటెన్షియల్ ఎంత? నలభై ఒక్కమందీ సున్నా అన్నారు. కింద కారణం కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే: ‘క్షేత్రమే లేని చోట పొటెన్షియల్ ఎక్కడిది?’

ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందన్నమాట. తయారుచేసింది తను. అది దాచిన బీరువా తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇక పర్మనెంటు సంగతి అటుంచి, ఉన్న ఉద్యోగం ఊడకపోతే అదే పదివేలు.

ముందు అటెండర్‌ని పిలిచి, బీరువా జోలికి ఎవరైనా వెళ్లారా అని అడిగింది. అతను తడబడ్డాడు. ఆమె గుడ్లురిమింది.

"రెండో తాళంచెవి నా దగ్గరుందమ్మా. కానీ ఒట్టు, టిఫిన్ డబ్బా పెట్టుకోడానికే తీస్తాను."

రెండో తాళంచెవి ఉందన్న సంగతే ఆమెకు తెలీదు. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తింది.

ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పినవాడే. అందరూ ఒకే తప్పు రాశారని వినగానే కుర్చీలోంచి లేచాడు. పత్రాలు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అవెక్కడికీ పోవు, ముందు దొంగ పోకుండా చూడాలన్నాడు. పది నిమిషాల్లో గేటు మూయించాడు. జిరాక్స్ గదికి సీలు వేయించాడు. సాక్ష్యం కింద టిఫిన్ డబ్బా స్వాధీనం చేసుకున్నాడు. మధ్యాహ్నమంతా అటెండర్ ఆ డబ్బా వంక చూస్తూ నిలబడ్డాడు.

మూడింటికి అనుమానం, సరిగ్గా రాసిన ఆ ఒక్క అమ్మాయి మీదికి మళ్లింది. తప్పు జవాబు క్లాసంతా పంచి, అసలుది తనే అట్టిపెట్టుకుందని ప్రిన్సిపాల్ తేల్చాడు.

"నీకొక్కదానికే సరైన జవాబు ఎలా తెలిసింది?"

"పుస్తకంలో చదివాను సార్."

"విన్నారా మేడమ్? పుస్తకంలో చదివిందట. ఎంత ముందుచూపో చూడండి."

నాలుగు కొట్టింది. ప్రశ్నపత్రం కాపాడలేనివాళ్లకి పర్మనెంటేమిటంటూ ఆయన ఆర్డరును సొరుగులోకి తోశాడు. అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. లెక్చరర్‌కి ఒళ్లు మండింది. లేచి గోడకున్న బోర్డు మీద వలయం గీసింది.

"మధ్యలో విద్యుత్ క్షేత్రం సున్నాయే సార్. ఇటు నుంచి వచ్చే తోపుని అటు నుంచి వచ్చేది కొట్టేస్తుంది. కానీ పొటెన్షియల్‌కి దిక్కు లేదు కదా. వలయంలో ప్రతి ముక్కా కేంద్రానికి ఒకే దూరం. ఒక్కో ముక్క ఎంతిస్తే అంత కూడుకుంటూ పోవడమే. మొత్తం ఆవేశాన్ని వ్యాసార్ధంతో భాగించి, స్థిరాంకంతో గుణిస్తే జవాబు. ఒకరిద్దరు పొరబడ్డారంటే సరే. నలభై ఒక్కమంది ‘క్షేత్రమే లేని చోట పొటెన్షియల్ ఎక్కడిది’ అని రాశారంటే, ఎవరో పనిగట్టుకుని చెప్పారు."

ప్రిన్సిపాల్ బోర్డు వంక చాలాసేపు చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. వలయం మారలేదు. అమ్మాయిని ఇంటికి వెళ్లమన్నాడు. అటెండర్‌కి డబ్బా ఇచ్చేశాడు. తర్వాత సొరుగు లాగి, ఆర్డరు మీద సంతకం పెట్టి లెక్చరర్ వైపు జరిపాడు.

"మీరు సెలవులో ఉన్నప్పుడు రివిజన్ క్లాసు నేనే తీసుకున్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు చెప్పింది కొట్టేయించి మరీ ఆ వాక్యం రాయించాను. ఆ పిల్ల పుస్తకం తెరిచి చూస్తుంటే, మూయమని కేకలేశాను కూడా. పదిహేడేళ్లు అదే చెప్పానండీ, ఒక్కరూ తప్పనలేదు. అప్పట్లో పేపర్లు కూడా నేనే దిద్దేవాణ్ణి."