పొదలో చిక్కిన ప్రయాణం

పెళ్లయ్యాక కేతకి మొదటిసారి పుట్టింటికి బయలుదేరింది. కొండ కింది రోడ్డు మీదికి దేవ్‌రుఖ్ బస్సు తొమ్మిదింటికి వస్తుంది. అది తప్పితే మళ్లీ రేపే. అక్కడ అమ్మ పొద్దున్నే పనసకాయ కోసి, గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

"ఉత్త చేతులతో వెళ్తే నా పరువేం కాను? దారిలో వాక్కాయలు కోసుకెళ్లండి," అని అత్తగారు సులభాబాయి ఆకుదొన్నె చేతిలో పెట్టింది.

రోడ్డు పక్క పొద నిండా పళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కోయడం ఎంతసేపు! కానీ కొంకణంలో పుట్టినవాళ్లు వాక్కాయను ఊరికే కొరకరు. ముందు పందెం వేయాలి.

"పుంజా, పెట్టా?" అంది కేతకి ఒక పండు పైకెత్తి.

"పెట్ట," అన్నాడు భర్త సుమేధ్.

కొరికింది. లోపల ఎర్రగా ఉంది. తెల్లగా ఉంటే పెట్ట. ఎరుపు కాబట్టి పుంజే.

"ఓడావు! లోపలి కొమ్మ మీది లావుపళ్లు నువ్వే కోయాలి."

సుమేధ్ లోపలికి దూరాడు. ముళ్లు చొక్కా పట్టుకున్నాయి.

"కదలకు, చిరుగుతుంది!"

"నేను కదలట్లేదు, పొదే కదులుతోంది!"

విడిపించబోయిన కేతకి కొంగు కూడా చిక్కింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. "అమ్మ పెట్టిన చీర ఇది! చింపుకుని ఏ మొహంతో వెళ్లను?"

"అమ్మా!" అని సుమేధ్ కేక పెట్టాడు.

సులభాబాయి ఆయాసపడుతూ దిగి వచ్చింది. "వాక్కాయలు కోయమంటే పొదలో కాపురం పెట్టారేంట్రా!" అంటూ వంగింది. కొప్పు ముళ్లకు తగులుకుంది.

"ఎవడ్రా నా కొప్పు లాగేది?"

"నేను కాదమ్మా, నా చేతులు ఇక్కడున్నాయి!"

అంతలో బస్సు వచ్చింది. ముగ్గురూ ఒకేసారి అరిచిన అరుపుకు డ్రైవరు సుర్వే బ్రేకు వేసి, చిందులు తొక్కుతూ దిగాడు.

"ఇది బస్సా, మీ ఇంటి ఎద్దుబండా? ఒక్క నిమిషం కూడా ఆగను!"

"ఆగకపోతే మానెయ్, ముందు నా కొప్పు విడిపించు!" అంది సులభాబాయి.

బస్సులోని ఆడవాళ్లంతా దిగారు. తలా ఒక ముల్లు తప్పించారు. చొక్కా దక్కింది, కొప్పు దక్కింది, కొంగు దారమైనా తెగకుండా బయటపడింది. కేతకి పరుగున వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది.

కానీ పొద దగ్గరికి వచ్చినవాళ్లు ఊరికే వెళ్తారా? ఒక ముసలమ్మ డ్రైవరు ముక్కు దగ్గర పండు పెట్టింది. "ఏం సుర్వే, పుంజా, పెట్టా?"

"పుంజు."

కొరికి చూపించింది. తెల్లగా ఉంది. ఇంకోటీ పెట్టే. మూడోదీ పెట్టే. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

సుర్వే మొహం కందిపోయింది. "రోడ్డు పక్క పళ్లకు విలువేముంది? లోపలివి చూపిస్తా, అన్నీ పుంజులే!" అని ముందు తల, తరువాత భుజాలు పొదలోకి దూర్చాడు.

నవ్వుకుంటూ అందరూ బస్సెక్కారు. కండక్టరు గంట కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పొదలోంచి నీరసంగా గొంతు వినిపించింది: "ఎవరైనా రండమ్మా... ప్యాంటు!"

ఆ రోజు దేవ్‌రుఖ్ బస్సు తప్పిపోయే ప్రమాదం వచ్చింది ఒక్క డ్రైవరుకే.