కాగితం లేని మండలం

“ఇకమీదట మన మండలంలో కాగితమనే మాట వినపడదు. వినపడితే నన్నడగండి!”

మండలాధ్యక్షులు ధనశేఖర్ గారు ఆటోకు కట్టిన మైకులో ఈ ప్రకటన చేశారు. మైకు అందని పల్లెలు కూడా ఉంటాయి గనుక రెండు వేల కరపత్రాలు అచ్చేయించి పంచారు.

ధనశేఖర్ గారిది మాటంటే మాటే. సాయంత్రానికల్లా జనన మరణాల రిజిస్టర్లన్నీ గోతాల్లోకి కుక్కించి, విత్తనాల గోడౌనులో పడేయించి, తాళం వేయించారు. చేత్తో రాసిన సర్టిఫికెట్లు చెల్లవని ఉత్తర్వు కూడా వచ్చేసింది. అంతటితో ఆ మండలంలో పుట్టడం, చావడం రెండూ తాత్కాలికంగా నిలిచిపోయాయి.

సరిగ్గా ఆ మరునాడే లోహిత ఆఫీసు మెట్లెక్కింది. కడుపులో ఏడో నెల. చెయ్యి పట్టుకుని ఐదేళ్ల కూతురు స్రవంతి. తను ఎనిమిదో తరగతిలోనే “ఆడపిల్లకు చాల్లే” అనిపించుకుని బడి మానేసిన మనిషి. బిడ్డకు ఆ మాట తగలకూడదని కాన్వెంటు చుట్టూ తిరిగి తిరిగి సీటు సంపాదించింది. శనివారం లోపల పుట్టిన సర్టిఫికెట్టు తేకపోతే సీటు ఇంకొకరికని హెడ్ మేడం వసంతమ్మ తేల్చి చెప్పింది.

“సార్, పాప సర్టిఫికెట్టు కావాల.”

గుమాస్తా గోవిందయ్య తలెత్తాడు. “పాప ఎప్పుడు పుట్టింది మా?”

“ఐదేళ్లాయె సార్.”

“అప్పుడే రావాల్సింది. అప్పుడు కాగితాలుండె.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు కంప్యూటరుండాది.”

“అయితే దాంట్లోనే ఇయ్యండి సార్.”

“అది ఇంకా లేయలేదు మా. కూర్చో.”

లోహిత బెంచీమీద కూర్చుంది. కూర్చోగానే బిడ్డ బతుకంతా కళ్లముందు తిరిగింది. సీటు లేదు, చదువు లేదు, ఇరవై ఏళ్ల తర్వాత స్రవంతి కూడా ఇదే బెంచీమీద, ఇదే గోవిందయ్య ముందు. స్రవంతి మాత్రం బల్ల కింద దూరి చీమల్ని చూస్తోంది.

కంప్యూటరంటే ల్యాప్‌టాప్. ధనశేఖర్ గారి బామ్మర్ది మద్రాసు నుంచి తెచ్చాడు. ఎవరి చేతుల్లో ఎన్నాళ్లు నలిగిందో ఏమో, కంపెనీ పేరు అరిగిపోయింది. ఆ చోట వెంకటేశ్వర స్వామి స్టిక్కరు అంటించారు కాబట్టి లోటు తెలియదు. దాంట్లో ఎక్కించాల్సిన కొత్త సిస్టం రాజధాని నుంచి సీడీలో వచ్చింది. ఎక్కించడానికి తిరుపతిలో కంప్యూటర్ క్లాసులు చెప్పే గిరిప్రసాద్ వచ్చాడు.

శుభకార్యం ఊరికే మొదలుపెట్టరు కదా. ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి మూడు బొట్లు పెట్టారు. కర్పూరం వెలిగించి, నిమ్మకాయతో దిష్టి తీశారు. మిషనుకు చేసి సీడీకి చేయకపోతే బాగుండదని ధనశేఖర్ గారు దాన్నీ పళ్లెంలోంచి తీశారు.

“అన్నా, మెరిసే పక్క వద్దన్నా!” గిరిప్రసాద్ కేక పెట్టాడు.

“బొట్టు పెట్టేది ముఖానికే గదప్పా. మెరిసేదే ముఖం,” అంటూ ఆయన పసుపు పూసి, నిండుగా కుంకుమ అద్దారు.

మిషను ఆ ప్రసాదాన్ని మింగి, రుబ్బురోలు మాదిరి చప్పుడు చేసి, బయటికి కక్కింది. గిరిప్రసాద్ సీడీని బనియన్ గుడ్డతో తుడిచి, ఊది, మళ్లీ పెట్టాడు. ఈసారి పని జరిగినట్టే కనిపించింది. తెరమీద గీత జరుగుతుంటే చప్పట్లు కొట్టారు. ముప్పై శాతం దాటగానే ధనశేఖర్ గారు మూతకు దండ వేశారు. అక్కడ ఆగిపోయింది. తెరంతా నీలం, నీలం మీద తెల్లటి ఇంగ్లీషు.

“ఏమంటాదప్పా?”

“ఈ మిషను జాబితాలో లేదంటాదన్నా. ఇట్లాంటి వాటికి ఈ సిస్టం ఎక్కదంట.”

“లేకుంటే చేర్చు. సచ్చినోళ్లని ఓటర్ల జాబితాలో చేర్చినాం. బతికుండే మిషన్ని చేర్చలేమా?”

“జాబితా సీడీ లోపల ఉంటాదన్నా.”

“లోపల మన మనిషి ఎవురూ లేరా?”

గిరిప్రసాద్ తెరలోకి తొంగి చూశాడు. “లేరన్నా.”

“అదే వచ్చిన తంటా,” అన్నారు ధనశేఖర్ గారు బాధగా.

అయినా ప్రయత్నలోపం ఉండకూడదు. ల్యాప్‌టాప్‌ను ఈశాన్యానికి తిప్పారు. బ్యాటరీ ఊడదీసి ఎండలో పెట్టారు. రాజధానికి ఫోన్ చేస్తే, ఫిర్యాదులు ఇప్పుడు కంప్యూటర్ ద్వారానే తీసుకుంటున్నామని చెప్పారు.

బెంచీ దగ్గరకు నీళ్లకొచ్చిన గిరిప్రసాద్‌ను లోహిత పట్టుకుంది. “సార్, శనివారం లోపల లేస్తాదా?”

“ఈ మిషన్లోనా? ఈ జన్మకు లేవదక్కా.”

లోహితకు ఏడుపొచ్చింది. అంతలోనే మంత్రిగారి పీఏ నుంచి ఫోనొచ్చింది. శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి ప్రారంభోత్సవం, మంత్రిగారి చేతుల మీదుగా తొలి సర్టిఫికెట్టు. ఈసారి ధనశేఖర్ గారికి కూడా ఏడుపొచ్చినంత పనైంది. గొప్పవాళ్ల ఏడుపు మాత్రం వృథాగా పోదు.

“గిరీ, తెరలో వెలుగన్నా వస్తాదా?”

“వెలుగుకేమన్నా, వస్తాది. బొమ్మే రాదు.”

“బొమ్మేనా! ముందే సెప్పకూడదాప్పా?”

జీపు శ్రీకాళహస్తికి పరుగెత్తి కలంకారీ చిన్నబ్బను ఎక్కించుకొచ్చింది. దేవుళ్లనూ, ఎన్నికలప్పుడు నాయకులనూ ఒకే భక్తితో గీసే మనిషి. పాలల్లో, కరక్కాయ రసంలో నానబెట్టి ఆరేసిన గుడ్డ పరుచుకుని, వెదురు కలం పట్టుకున్నాడు. కంప్యూటర్ తెర ఎలా ఉండాలో గిరిప్రసాద్ ఫోటో చూపించాడు. పచ్చటి గుట్ట, నీలాకాశం.

“ఇంత బోసిగానా?” అని చిన్నబ్బ నొచ్చుకుని, గుట్టమీద నెమలినీ, అంచుకు తీగనూ వేశాడు. “మూల్లో గడియారముండాదే, ఎంత ఎయ్యాల?”

“పదీ ఇరవై,” అన్నారు ధనశేఖర్ గారు. “మంత్రిగారి టైము. ఆ సర్టిఫికెట్టు కూడా ఏదో ఒక పేరుతో గీకెయ్.”

లోహిత బెంచీమీంచి లేచింది. మెల్లిగా పోయి చిన్నబ్బ పక్కన కూలబడింది.

“అన్నా, ఏదో పేరెందుకు? నా బిడ్డ పేరు రాయన్నా.”

“నాకెవురైతే ఏం మా. సెప్పు.”

పేరు, తేదీ, తల్లి, తండ్రి అన్నీ చెప్పింది. అన్నీ రెండుసార్లు చదివించుకుంది. “సీలు మరిచిపోవద్దన్నా.”

“సీలు లేకుండా యాడన్నా సర్టిఫికెట్టు ఉంటాదా? గుండ్రంగా ఏస్తా. సుట్టూ ఏనుగులెయ్యాల్నా?”

“వద్దన్నా, బడికి.”

ధనశేఖర్ గారు ఆమెను ఎగాదిగా చూశారు. కడుపుతో ఉంది, పక్కన బిడ్డుంది. “ఫోటోకు నిండుగా ఉంటాది. ఈమెకే ఇప్పిద్దాం,” అని ఉదారంగా సెలవిచ్చారు.

శుక్రవారం మంత్రిగారు ఒకటిన్నరకు విచ్చేశారు. తెరమీద బిగించిన గుడ్డ వెనక వెలుగు పడి నెమలి ధగధగలాడుతోంది. మంత్రిగారు మూలకు వంగి చూసి వెనక్కి తిరిగారు.

“పదీ ఇరవై! చెప్పిన టైముకే వచ్చానా లేదా?”

వెంటవచ్చిన అధికారులు తమ వాచీలు వెనక్కి తిప్పుకున్నారు.

“కలర్ బ్రహ్మాండం. ఏ కంపెనీ?”

“లోకల్ సార్.”

“జిల్లా అంతా ఇదే పెట్టండి!”

మంత్రిగారు మీట నొక్కారు. గోవిందయ్య బల్ల కిందనుంచి సర్టిఫికెట్టు అందించాడు. పాత పద్ధతిలో మూడు వారాలు పట్టే పని కన్నుమూసి తెరిచేలోగా అయిపోయింది. ఫోటోలు తీశారు. మంత్రిగారు భోజనానికి కదలగానే ధనశేఖర్ గారు చెయ్యి చాచారు.

“ఇచ్చెయ్ మా. రేపు పక్క మండలంలో ప్రారంభోత్సవముండాది.”

లోహిత సర్టిఫికెట్టును వెనక్కి లాక్కుంది. విలేకరులు ఇంకా టీ తాగుతున్నారు. ఆమె వాళ్లవైపు చూసి, గొంతు పెంచింది.

“నా బిడ్డ పేరుండాది గదన్నా! పక్క మండలమోళ్లు నా బిడ్డని కూడా తీసకపోతారా?”

విలేకరులు తల తిప్పారు. ధనశేఖర్ గారు చాచిన చేతిని అలాగే పైకెత్తి స్రవంతిని ఆశీర్వదించారు. లోహిత సర్టిఫికెట్టును కొంగున ముడేసుకుని, బిడ్డను లాక్కుని, బస్సు కనిపించేదాకా వెనక్కి చూడలేదు.

శనివారం పొద్దున వసంతమ్మ మేడం దాన్ని వేళ్లతో నలిపి చూసింది. వాసన కూడా చూసింది.

“ఏంది మా, గుడ్డ మాదిరి ఉండాది?”

“కంప్యూటర్ది మేడం. మా మండలంలో కాగితం లేదు గదా.”

“అవునవును, పేపర్లో ఫోటో సూసినా.” మేడం కళ్లద్దాలు సర్దుకుంది. “ప్రింటు ఎంత నీటుగా వచ్చిందో సూడు! చేత్తో రాసేటోళ్లకు ఈ అందం యాడ వస్తాది?”

స్రవంతికి సీటు ఖాయమైంది.

కొన్ని నెలలకు లోహిత మళ్లీ ఆఫీసుకొచ్చింది. ఈసారి చంకలో మగబిడ్డ. వాకిట్లోంచి గేటుదాకా జనం. గోడకు బోర్డు వేలాడుతోంది: ‘సర్వర్ డౌన్’.

“ఏం సార్, మళ్లీ మిషను పడుకునిందా?”

“మిషనుకేం మా, రాయి మాదిరుండాది,” అన్నాడు గోవిందయ్య. గొంతు తగ్గించాడు. “చిన్నబ్బకు చికున్‌గున్యా. వేళ్లు ముడుసుకోవడంలా.”

లోహిత అలవాటైన బెంచీమీద కూర్చుని, ఎంతసేపు పడుతుందోనని కిటికీలోంచి తెరకేసి చూసింది. పదీ ఇరవయ్యే అయింది. ఇంకా చాలా పొద్దుంది.