పుస్తకంలో ఉన్న మాటే మాట్లాడవలెను

మనిషి నోటికి తాళం పడితే తప్ప పుస్తకానికి గౌరవం రాదని నా గట్టి నమ్మకం. కోప్పడకండి. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పురాణం కాసేపు చదివాకే గంజి ముట్టుకునే మనిషిని నేను. అబద్ధమాడితే ఆ చదివిన పుణ్యం కాస్తా పోతుందన్న భయం ఉన్నవాణ్ణి. అటువంటి నేను చెబుతున్నాను: నలుగురిలో మాట్లాడాలంటే సర్కారు వారి ఇజాజత్, అదే అనుమతి, ఉండాలన్న నిబంధన ఉందే, అది మన గ్రంథాలయాలకు దేవుడిచ్చిన వరం!

ఎట్లా అంటారా? ఇదివరకు గ్రంథాలయంలో ఏం జరిగేది? ఒకాయన పత్రిక తెరిచేవాడు. పక్కాయన ఎడ్ల బేరం ఎత్తేవాడు. మూడో ఆయన యుద్ధం ఎవరు గెలుస్తారో చెప్పేవాడు. పత్రిక మాత్రం గాలికి రెపరెపలాడి ఊరుకునేది.

ఇప్పుడో? సభ పెట్టాలంటే ఇజాజత్. ఉపన్యాసానికి ఇజాజత్. నలుగురు ఒకచోట చేరి దగ్గినా అది జల్సా ఏమోనని, అంటే సభేమోనని, అనుమానం! ఇక మనిషికి మిగిలిందేమిటి? నోరు మూసుకుని చదువుకోవడమే కదా! ఇంత సులువుగా ప్రజలను చదువరులుగా మార్చిన ఏలికలు లోకంలో ఇంకెక్కడైనా ఉన్నారా?

నమ్మకం కుదరకపోతే మా ఇబ్రహీంపట్నం శివయ్య సంగతి వినండి.

శివయ్యకు బజారులో కిరాణా కొట్టు ఉంది. కానీ ఆయన ప్రాణమంతా కొట్టు వెనక అర్రలో ఉండేది. అదే మా గ్రంథాలయం. రెండు బీరువాలు, నేల మీద జంపఖానా, గోడకు శివపార్వతుల పటం. బీరువాల తాళంచెవిని ఆయన మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి కూడా విప్పేవాడు కాదు. “గా తాళంచెవినే పెండ్లాడకపోయినవ్” అని ఆయన భార్య వజ్రమ్మ దెప్పేది. శివయ్య నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట ఆయనకు కొంచెం ఇష్టంగానే ఉండేది.

ఆ ఏడు వార్షికోత్సవానికి పుస్తకాభిమానులంతా కలిసి ఒక ఆలోచన చేశారు. గుడిలో అఖండ పారాయణం చేస్తాం కదా, అట్లాగే గ్రంథాలయంలోనూ పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఒకరి తర్వాత ఒకరు పుస్తకాలు చదవాలి. ఎవరికి నచ్చిన పుస్తకం వారిది. చదివే గొంతు మాత్రం నడుమ తెగరాదు.

ఇజాజత్ కోసం శివయ్య కచేరీకి పోయాడు. అక్కడి అధికారి అమీన్ సాబ్ పట్నం నుంచి కొత్తగా వచ్చినవారు, తెలుగు రాదు. పెద్దమనిషే, కాదనలేదు. ఒక్క షరతు పెట్టారు. పుస్తకంలో ఉన్నది ఎంతసేపైనా చదువుకోవచ్చు. పుస్తకంలో లేని మాట ఒక్కటి వినబడినా అది జల్సా కింద లెక్క. అప్పుడు తాళంచెవి తెచ్చి కచేరీలో అప్పగించాలి. షరతు సరిగా నడుస్తోందో లేదో చూడడానికి సత్తార్ అనే జవానును వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టారు.

చూశారా దయ! మామూలుగా చదివేవాడికి వినేవాడు దొరకడు. మాకు సర్కారే ఒకణ్ణి పంపింది, డ్యూటీ మీద!

ఆ పొద్దున సత్తార్ ఇంకా రాకముందే రాధమ్మ వచ్చింది. ఆమెది పెద్ద చెరువు కింద ఆఖరు మడి. వరి పొట్టకొచ్చింది. పటేలు మడి నిండగానే, చెరువు నీళ్ళు వదిలే నీరడి తూము మూసేస్తున్నాడు. ఆఖరు మడి దాకా చుక్క రావడం లేదు. నీరడి కాళ్ళు పట్టుకుంది. పటేలు గడపలో నిలబడింది. కచేరీకి పోతే ఉర్దూలో రాయించుకు రమ్మన్నారు. పటేలు మీద రాయడానికి ఏ చెయ్యీ లేవలేదు. చదువుకున్నవాళ్ళంతా ఒకచోట కూడుతున్నారని తెలిసి, వాళ్ళలో ఒక్కడైనా తన గోడు వినకపోతాడా అని వచ్చింది.

శివయ్య ఆమెను గడపలోనే ఆపి మెల్లగా చెప్పాడు. “రాధక్కా, ఇయ్యాల ఒక్కదినం నోరిప్పకు. నువ్వు మాట్లాడితే గ్రంథాలయానికి తాళం పడ్తది.”

“మరి నా మడి?”

“రేపు చూద్దాం.”

“రేపు గింతమంది యాడ దొరుకుతరు శివయ్యా? వరి రేపటిదాక ఆగుమంటే ఆగుతదా?”

అంతలో సత్తార్ వచ్చాడు. శివయ్య వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. రాధమ్మ లోపలికి వచ్చి కిటికీ కింద కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

చదువు మొదలైంది. ముందుగా బాలనర్సింహ పంతులు పురాణం అందుకున్నాడు. ఏం చదివాడో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. పారాయణంలో అది మామూలే కదా! గొంతు ఆగకపోతే చాలు, పుణ్యం దానంతట అదే జమ అవుతుంది. ఒకాయన వ్యాకరణం చదివాడు. వింటున్నవాళ్ళు కూర్చునే నిద్రపోయారు. గురక పుస్తకంలో ఉందా లేదా అని సత్తార్ కొంచెంసేపు ఆలోచించి, చివరకు వదిలేశాడు.

అసలు కష్టం బిక్షం వంతులో వచ్చింది. బిక్షం మగ్గం నేసేవాడు, రాజుల కథలంటే పడిచచ్చిపోతాడు. కథ నడుమ ఆయన గొంతు ఎండిపోయింది. నీళ్ళు కావాలి. అడిగితే అది పుస్తకంలో లేని మాట. ఆపితే గొంతు తెగుతుంది. పాపం, ఏం చేస్తాడు? పుస్తకం మీద నుంచి కన్ను తీయకుండా, అదే రాగంలో, “అంతట ఆ మహారాజు మిక్కిలి దప్పిగొని, ఓ శివయ్యా, చెంబెడు నీళ్ళు తెమ్మని పలికెను” అని చదివాడు.

శివయ్య సత్తార్ వైపు చూశాడు. సత్తార్ మీసం సవరించుకుంటున్నాడు. ఆయనకు వచ్చింది ఉర్దూ చదువు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు తెలియవు. మహారాజుకు దప్పిక వేయడంలో తప్పేముంది?

నీళ్ళు వచ్చాయి. మహారాజు తాగాడు.

ఆ తర్వాత ఏ పుస్తకం చదివినా అందులో మహారాజులకు కొత్త కష్టాలు మొదలయ్యాయి. ఒక మంత్రి, ప్రభువుల వారి మోకాలు తన వీపులో గుచ్చుకుంటున్నదని విన్నవించుకున్నాడు. ఒక మునీశ్వరుడు తపస్సు నడుమ కళ్ళు తెరిచి, వాకిట్లో తన కొత్త చెప్పులు వేసుకుపోయినవాడు మర్యాదగా తెచ్చి పెట్టవలెనని శపించాడు. వ్యాకరణంలో సైతం, అటుకులు ఇటువైపు రాలేదని ఒక ఉదాహరణ వచ్చింది! నేనెన్నో ఏళ్ళుగా గ్రంథాలయానికి పోతున్నాను గానీ, అంత శ్రద్ధగా అందరూ వినడం ఆనాడే చూశాను. తర్వాతి వాక్యంలో ఎవరి పేరు వస్తుందో తెలియదు కదా!

కిటికీ కింద రాధమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

పొద్దు వాలాక శివయ్య వంతు వచ్చింది. తనకు కంఠతా వచ్చిన భక్తుల కథ తీశాడు. ఆపదలో ఉన్నవాడు ఎలుగెత్తి పిలిస్తే, దేవుడు కట్టుకున్న బట్ట కూడా సర్దుకోకుండా పరుగెత్తి వచ్చిన చోటది. రోజూ చదివే ఘట్టమే. రోజూ కళ్ళు చెమరుస్తాయి, రోజూ తుడుచుకుని కొట్టు తెరుస్తాడు. ఆ రోజు మాత్రం కళ్ళు తుడుచుకోబోతూ కిటికీ వైపు చూశాడు. రాధమ్మ కొంగు ఇంకా నోటికి అడ్డంగానే ఉంది.

దేవుడు అంత దూరం నుంచి ఎట్లా విన్నాడబ్బా అనుకున్నాడు శివయ్య. నాకు ఈ జంపఖానా ఆ కొసన ఉన్న మనిషి మాట వినబడడం లేదే! పోనీ, దేవుడు కూడా వినే ముందు ఎవరి ఇజాజత్ అయినా తీసుకున్నాడా? పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. అనుకుంటూ ఉండగానే మొలతాడుకున్న తాళంచెవి చల్లగా పొట్టకు తగిలింది. చదివిన వాక్యమే మళ్ళీ చదివాడు. ఇంకోసారీ చదివాడు. నాలుక అక్కడి నుంచి కదలనంది.

చివరకు అదే రాగంలో, “ఇక మీదట రాధమ్మ చదువును” అన్నాడు.

అందరూ తలలెత్తారు. రాధమ్మకు అక్షరం ముక్క రాదని ఊరందరికీ తెలుసు. ఆమె లేచి వచ్చి, జంపఖానా మీది పుస్తకాల్లో ఎద్దు బొమ్మ ఉన్న పుస్తకాన్ని తీసుకుంది. గొడ్లకు వచ్చే రోగాలు, వాటి నాటు మందుల పుస్తకమది. ఆమె ఎరిగిన మొహం ఆ ఎద్దుదొక్కటే. వెనక అట్ట వైపు నుంచి తెరిచింది. సత్తార్‌కు అందులో తప్పేమీ తోచలేదు. ఆయన చదివిన పుస్తకాలన్నీ అటు నుంచే మొదలవుతాయి.

“అంతట రాధమ్మ అనే ఆడది ఒకతి ఉండెను” అని మొదలుపెట్టింది. “ఆమెకు పెద్ద చెరువు కింద ఆఖరు మడి ఉండెను. పటేలు మడి నిండెను. నిండి పొర్లెను. పొర్లిన నీళ్ళు తొవ్వ పొంటి పోయెను.” వేలు నాలుకకు తడి చేసుకుని పుట తిప్పింది. “అయినా తూము మూసిరి. ఎందుకు మూసినవ్ బిడ్డా అంటే, పటేలు మూయమన్నడు అన్నడు. రేపొస్తయ్ అన్నడు, ఎల్లుండొస్తయ్ అన్నడు. పొట్టకొచ్చిన వరి ఎండబట్టె. నా ఒక్కదాని మడేనా? గా పక్క అజ్మత్ బీ మడి గూడ ఎండబట్టె. మేమేం పాపం జేసినం? చెరువు పటేలు తవ్విండా? వాన పటేలు పంపిండా?” మళ్ళీ పుట తిప్పింది. “గీ మాటలన్ని గీ పుస్తకంల ఉన్నయ్. నేను చదువుతున్న, గంతే.”

అప్పుడు చూశాం, గడపలో అమీన్ సాబ్ నిలబడి ఉన్నారు. దీపాల వేళ అవుతోందని, అంతా సవ్యంగా జరిగిందో లేదో చూసిపోదామని వచ్చారు. తెలుగు రాకపోయినా పటేలు అన్న మాట అన్నిసార్లు వినబడితే ఎవరికైనా అర్థమవుతుంది. ఈమె తక్రీర్ చేస్తోందా, అంటే ఉపన్యాసం ఇస్తోందా, అని సత్తార్‌ను అడిగారు. శివయ్య చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

సత్తార్ లేచి సలాం చేసి ఉర్దూలోనే చెప్పాడు. “లేదు సాబ్. కితాబ్ల ఉన్నదే చదువుతున్నది. పొద్దటి సంది చూస్తున్న, బయటి మాట ఒక్కటి గూడ లేదు.”

అజ్మత్ బీ సత్తార్ తల్లి అని అమీన్ సాబ్‌కు ఎవరూ చెప్పలేదు. చెబుదామన్నా, అది ఏ పుస్తకంలోనూ లేదు కదా!

అమీన్ సాబ్ న్యాయం తెలిసిన మనిషి. బాగా ఆలోచించారు. మనుషులెవరూ షరతు తప్పలేదు, కాబట్టి తాళంచెవి శివయ్య దగ్గరే ఉండవచ్చు. తప్పు మాట్లాడింది పుస్తకం. అందుకని పుస్తకాన్ని జప్తు చేశారు. ఎద్దు బొమ్మ పైకి వచ్చేట్టు గుడ్డలో మూట కట్టి, ముడి మీద లక్కతో సీలు వేసి, సత్తార్ చేతే మోయించుకుపోయారు.

ఇప్పుడు చెప్పండి, ఆ నిబంధన వల్ల ఎంత మేలు జరిగింది! మా గ్రంథాలయంలో ఇవాళ ఒక్క పుస్తకం మిగల్లేదు. బీరువాలు రెండూ ఖాళీ! పుస్తకం చంకలో లేనిదే మా ఊళ్ళో ఎవరూ నోరు తెరవడం లేదు. వజ్రమ్మ నిన్న ఛందస్సు తెరిచి, ఇంట్లో చింతపండు నిండుకుని ఎన్నాళ్ళైందో మొగుడికి చదివి వినిపించింది. కోడళ్ళు పంచాంగాలు పట్టుకుపోతున్నారు. అత్తలు వచ్చి వాటికంటే లావు పుస్తకాలు అడుగుతున్నారు. ఇంత విద్యావ్యాప్తి ఏ ఉద్యమం వల్ల సాధ్యమయ్యేది?

అంతేనా? అమీన్ సాబ్ తెలుగు నేర్చుకుంటున్నారు! రాధమ్మ చదివిన ఆ వాక్యాలు ఏ పుటలో ఉన్నాయో తెలిస్తే తూము సంగతి తప్పకుండా విచారిస్తామని సెలవిచ్చారు. బాలనర్సింహ పంతులును పిలిపించుకుని, రోజూ పుస్తకం ముందు పెట్టుకుని వెతుకుతున్నారు. గాలికుంటు అయిపోయింది. గొంతువాపు అయిపోయింది. ఇప్పుడు కడుపుబ్బరం దగ్గర ఉన్నారు. మధ్యలో ఏదో మందు కనబడి, వారి బర్రెకు పాలు కూడా పెరిగాయట.

ఆ వాక్యాలు అందులో లేవని శివయ్య పోయి చెప్పవచ్చు. చెబితే, రాధమ్మ చదవలేదు, మాట్లాడింది అని తేలుతుంది. తాళంచెవి పోతుంది, రాధమ్మ మీదికి వస్తుంది, సత్తార్ నౌకరీ ఊడుతుంది. అందుకని ఆయన ఏమీ చెప్పడం లేదు. పొద్దున్నే దేవుడి కథ తీస్తున్నాడు. ఆ పరుగెత్తి వచ్చే చోట మాత్రం ఇప్పుడు గొంతు తెగుతోంది.

రాధమ్మ రోజూ మడికి కచేరీ ముందు నుంచే పోతుంది. కిటికీలోంచి అమీన్ సాబ్‌కు ఆమె కనబడుతుంది, ఆమెకు పుస్తకం కనబడుతుంది. ఆమెను మాత్రం ఎవరూ లోపలికి పిలవలేదు. పిలిచి ఏం లాభం? ఆమెకు చదువు రాదు కదా!