ఎనిమిది కాళ్ల మర్యాద

పిడుదును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కుక్క చెవిలో కందిగింజలా ఉబ్బి కూర్చుంటుందే, అదే. అంత మర్యాదగల జీవి మన కాలనీలో ఇంకొకటి ఉందా?

గడ్డిపరక కొసన ముందుకాళ్లు చాచుకుని రోజుల తరబడి ఎదురుచూస్తుంది. తోసుకుని మీదికి రాదు. మీరు తగిలితేనే ఎక్కుతుంది. నొప్పి తెలియకుండా కరుస్తుంది! మొన్న ఒకటి నా మోకాలి వెనక దొరికింది. మా ఆవిడ పోయాక నన్నింతగా అంటిపెట్టుకున్న ప్రాణి అదే.

పార్కులో గడ్డి నడుందాకా పెరిగింది. చెడిపోయిన కోత మిషన్ ఆరు నెలలుగా షెడ్డులో విశ్రాంతి తీసుకుంటోంది. కుక్కలు, ఎలుకలు, పిడుదులు కలిసి చల్లగా కాపురం చేస్తున్నాయి. మన అపార్ట్‌మెంట్ సంఘంలో ఉందా ఇంత సఖ్యత?

ఈలోగా పార్కు తోటమాలి జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. తొమ్మిది రోజులైనా తగ్గలేదు, మాట తడబడుతోంది. నేను నాలుగు పిడుదులను సీసాలో వేసుకుని ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్లాను.

"ఇవేంటి మాస్టారూ?" అన్నాడు దోమల సెక్షన్ అధికారి.

"పిడుదులు. ఇవి కరిచినా జ్వరం వస్తుందట. పార్కులో మందు కొట్టించండి బాబూ, తోటమాలి పోయేలా ఉన్నాడు."

ఆయన కళ్లజోడు సవరించుకుని లెక్కపెట్టాడు. "ఎనిమిది కాళ్లున్నాయండీ. మాది కీటకాల సెక్షను. ఆరు దాటితే మాకు రాదు."

పశువుల సెక్షన్‌లో ఆవిడ సీసా ముట్టుకోలేదు. "నాలుగు కాళ్ల దాకే మేము."

మళ్లీ దోమలాయన దగ్గరికే వెళ్లాను. "పిల్ల పిడుదులకు ఆరే ఉంటాయి కదండీ?"

"అయితే ఆ పిల్లల్ని పట్టుకురండి, చూద్దాం!"

ఎంత శాస్త్రీయ దృక్పథం! రోగం కన్నా ముందు కాళ్లు లెక్కపెట్టే ఆరోగ్య శాఖ ఎందరికి దక్కుతుంది?

తోటమాలిని కాపాడింది మాత్రం ఏ సెక్షనూ కాదు. దిండు సర్దుతూ అతని చెవి వెనక నల్లటి పక్కు చూసిన నర్సమ్మ. "డాక్టరుగారూ, ఒక్కసారి ఇటు చూడండి, ఏదో కరిచినట్టుంది" అందావిడ. మందు మారింది. మూడోరోజుకు అతను లేచి కూర్చున్నాడు. నన్ను చూడగానే, "గడ్డి ఎవరు కోస్తున్నారు సార్?" అన్నాడు. పిచ్చి మనిషి!

దానికి పార్కుల ఆఫీసే జవాబిచ్చింది. ఆ మధ్యాహ్నమే అతని మంచం దగ్గరికి మెమో వచ్చింది. పార్కులో గడ్డి అంతలా ఎందుకు పెరగనిచ్చాడో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట.

పిడుదు కూడా అతని రక్తం తాగింది. తాగాక సంజాయిషీ మాత్రం అతన్ని అడగలేదు.