రామమోహనరావు వ్యాయామం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పుస్తకాలు కుట్టే బైండింగ్ షాపు రామమోహనరావుది. తెనాలి నుంచి వచ్చి ఇన్నేళ్లయినా తనకు తెలియని విషయం ఇంకా ఎదురుపడలేదని ఆయన నమ్మకం. ఆ ఉదయం, పనివాళ్ల ఆరోగ్యం చూసే డాక్టర్ అమలను షాపుకు పిలిపించాడు. కుట్టుపని చేసే యాదలక్ష్మి కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు.

"కొన్నాళ్లు పని ఆపి అందరికీ విశ్రాంతి ఇవ్వండి. లేకపోతే ఈవిడ చెయ్యి ఇక లేవదు," అంది అమల.

"పని ఆపడం కుదరదండీ. ఇంకో దారి చెప్పండి."

"దాంతోపాటు రోజూ పొద్దున్నే వ్యాయామం చేయించండి."

ఆయనకు వ్యాయామం ఒక్కటే వినిపించింది. సెలవడిగితే తన చోటులో ఇంకొకరిని పెట్టుకుంటాడేమోనని యాదలక్ష్మి మళ్లీ సూది అందుకుంది.

మర్నాడు షాపులో చోటు చాలక అందరినీ రోడ్డు పక్కన నిలబెట్టాడు. "నన్ను చూసి చెయ్యండి. పిడికిలి బిగించాలి, పైకెత్తాలి," అంటూ తనే ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే సరూర్‌నగర్ వైపు నుంచి తెలంగాణ ర్యాలీ వచ్చింది. రోడ్డు పక్కన పిడికిలెత్తిన ఆంధ్రా షావుకారును చూసి, ముందు నడుస్తున్న బక్కయ్యకు కళ్లు చెమర్చాయి.

"ఇది వ్యాయామమండీ," అన్నాడు రామమోహనరావు. డప్పుల మోతలో ఆ మాట సగమే వినిపించింది.

"సారు ఏమన్నడే?" అడిగాడు వెనకాయన.

"ఉద్యమమన్నడు," అన్నాడు బక్కయ్య, రామమోహనరావు మెడలో కండువా వేస్తూ.

పనివాళ్లతో సహా ఆయనను ర్యాలీ ముందు వరసలో నడిపించారు. ఎల్బీనగర్ చౌరస్తా దాకా నినాదానికో పిడికిలి. చెయ్యి దిగినప్పుడల్లా "సారు అలిసిండు, జర పట్టుర్రి," అని బక్కయ్య ఎత్తించాడు. చౌరస్తాలో మైకు చేతికిచ్చాడు.

"రేపటి సంది తెలంగాణ కోసం సమ్మె. అయిపోయేదాంక షాపు మూస్తరా సార్?"

జనమంతా ఆయన వంకే చూస్తున్నారు. కాదనడానికి ధైర్యం చాలలేదు, ధైర్యం చాలలేదని ఒప్పుకోవడం అలవాటు లేదు. "అందరికంటే ముందు మూసేది నేనే," అన్నాడు.

చప్పట్ల మధ్య యాదలక్ష్మి మైకు దగ్గరికి వచ్చింది. "సమ్మె అయినంక మా జాగల వేరేటోళ్లను పెట్టుకోరు గద సార్? గిది గూడ మైకులనే చెప్పుర్రి."

చెప్పక తప్పలేదు.

సమ్మె సాగిన నెలంతా బక్కయ్య రోజూ వచ్చి ఆయనను ర్యాలీలకు తీసుకెళ్లాడు. సమ్మె ముగిశాక అమల మళ్లీ వచ్చేసరికి యాదలక్ష్మి అటక మీది పుస్తకాల కట్టలను అవలీలగా దించుతోంది.

"పనివాళ్లకు ఇంత విశ్రాంతి ఇచ్చిన యజమానిని నేనింతవరకూ చూడలేదు. ఇకమీదట అందరికీ మీ పేరే చెబుతానండీ," అంది అమల.

రామమోహనరావు, లేవని కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి, ఆమెకు నమస్కారం పెట్టాడు.