పన్నెండుకి సున్నా

ఆ శుక్రవారం ఉదయం రబాబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జుమ్మా నమాజు పిలుపు వినిపించేలోగా పరికల్పన పరీక్షల అధ్యాయంలో పది లెక్కలు చేయాలి, అంతే. గురువారం పరీక్ష. స్టాటిస్టిక్స్ ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కామర్స్ కాలేజీలో ఏడాదంతా మళ్ళీ చదవాలి. మన్సూరా ఊళ్ళో మే నెల ఎండ అప్పటికే వంటింటి గచ్చు మీదికి వచ్చేసింది. ఆమె ఉడికించిన చిక్కుడు గింజల గిన్నె పక్కకి నెట్టి, భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచింది.

మొదటి లెక్క దగ్గరే ఆగిపోయింది. ఆమెకి అంకెలతో పేచీ లేదు. పేచీ అంతా మొదటి వాక్యంతోనే. 'ఇతనికి ఏమీ తెలియదనుకుందాం.' ప్రతి లెక్కా అలాగే మొదలవుతుంది. దానికి శూన్య పరికల్పన అని పేరు. ఎవరో ఒకాయన తనకి ఫలానా విద్య వచ్చంటాడు. మనం రాదనుకుని మొదలుపెట్టి, అదంతా అదృష్టమే అనడానికి మనకే మొహం చెల్లనన్నిసార్లు అతను నెగ్గితే, అప్పుడు ఒప్పుకోవాలి. కాగితం మీదైనా సరే, ఒక మనిషి గురించి అలా అనుకోవడానికి రబాబ్‌కి మనసొప్పదు. కిందటిసారి తప్పింది అందుకేనని ఆమె నమ్మకం.

"ఏంటమ్మా, పెన్సిలు నమిలేస్తున్నావ్?" అంటూ తండ్రి వగ్దీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

వగ్దీ నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఆయన మాట పూర్తయ్యేదాకా విన్నవాళ్ళు లేరు. ఆయనకి ఎదురులేని చోటు లోకంలో ఒక్కటే ఉంది, పుచ్చకాయల బండి. అందరూ కత్తి పెట్టించి, లోపల ఎర్రగా ఉందో లేదో చూసి కొంటారు. ఆయన మాత్రం కాయని ఒళ్ళోకి తీసుకుని, అరచేత్తో చరిచి, చెవి ఆన్చి వింటాడు. "కత్తి చెవుల్లేని వాళ్ళకి," అంటాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన తెచ్చిన ఏ కాయా ఈ బల్ల మీదికి ఎర్రగా కాక మరోలా రాలేదు.

రబాబ్‌కి లెక్క దొరికింది. "నాన్నా, నీ మీద ఒకటి కడతా. నీకు పుచ్చకాయల గురించి ఏమీ తెలియదనుకుందాం."

వగ్దీ చేతిలోని టీ గ్లాసు గాలిలో ఆగింది. "ఎవరనుకుంటారు?"

"ఎవరూ అనుకోరు నాన్నా. లెక్క అలా మొదలవుతుంది."

"నా ఇంట్లో, నా బల్ల మీద, నా కూతురి చేత్తో, నాకేమీ తెలియదని మొదలవుతుందా?"

"పన్నెండు కాయల్లో పది సరిగ్గా చెప్పావనుకో, నీకు తెలుసని పుస్తకమే ఒప్పేసుకుంటుంది. ఊరికే ఊహించేవాడికి పది తగలడం నూటికి రెండుసార్లు కూడా జరగదు."

"పదెందుకు? పన్నెండూ చెప్తా. గడ్డం గీసుకొస్తా, నువ్వు చెప్పులేసుకో."

వంటింట్లో ఏదో గిన్నె పెద్ద చప్పుడుతో కింద పడింది. మరుక్షణం తల్లి ఇన్సాఫ్ వచ్చి, రబాబ్ మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు మూసింది.

"నీ చదువు మండిపోను! వెంటనే ఆపు."

"ఏమైందమ్మా?"

"మీ నాన్నకి పుచ్చకాయ ఎంచడం రాదే."

"మరి మనం తిన్నవన్నీ..."

ఇన్సాఫ్ కిటికీ వైపు చూసింది. అక్కడ తాడు కట్టిన వెదురు బుట్ట వేలాడుతోంది. కూరలూ రొట్టెలూ కిందినుంచి పైకి లాగేది అందులోనే. "ఆయన కాయ తెస్తాడు, కాళ్ళు కడుక్కోడానికి వెళ్తాడు. నేను చిన్న ముక్క కోసి చూస్తా. లోపల తెల్లగా, చప్పగా, సొరకాయే. బుట్టలో పెట్టి దింపుతా. కింద పుచ్చకాయల బండి బయ్యూమీ అది తీసుకుని ఇంకోటి పెడతాడు. ఆయన కాళ్ళు తుడుచుకునేలోగా పైకి లాగేస్తా."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లేంటి? ప్రతిసారీ."

రబాబ్ పెన్సిలు ఇంకా చేతిలోనే ఉంది. వేసవికి ముప్పై కాయలు, ఇరవై నాలుగు వేసవులు. కాలిక్యులేటర్ తీసి, సగాన్ని సగంతో ఏడువందల ఇరవైసార్లు హెచ్చించింది. కాలిక్యులేటర్ సున్నా చూపించింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ సున్నా. అంత చిన్న సంఖ్య ఆ యంత్రంలో పట్టదని ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఇదే గోడ అవతల పడుకుని గురక పెడుతున్నది ఎవరు?

"నిలబడి చూస్తావేంటి? చీటీ రాయి," అంది ఇన్సాఫ్. "'ఈ పూట అన్నీ ఎర్రవే పెట్టు, దేవుడి మీద ఒట్టు' అని."

చీటీ బుట్టలో దిగింది. కింద బండి దగ్గర, వీధంతా ముఅల్లిం అని గౌరవంగా పిలిచే బయ్యూమీ దాన్ని రెండుసార్లు చదివి, నుదురు తుడుచుకుని, గుట్టంతా తవ్వి, తన మీసం మీద ఒట్టేసి చెప్పగలిగిన ఎర్ర కాయలు ఏరి ముందు పెట్టాడు.

వగ్దీ ఇస్త్రీ చేసిన చొక్కాతో దిగాడు. కూతురు నోటు పుస్తకంతో వెంట వచ్చింది. పన్నెండూ చెప్పడం అయ్యేదాకా ఒక్క కాయ కూడా కొయ్యకూడదని ఆమె షరతు. నమాజుకి బయల్దేరినవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు.

వగ్దీ మొదటి కాయని చరిచాడు. చెవి ఆన్చాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ మొహంలోని శ్రద్ధ రబాబ్ మసీదులో తప్ప ఎక్కడా చూడలేదు.

"సొరకాయ," అన్నాడు.

బయ్యూమీ ఓరగా కిటికీ వైపు చూశాడు. రెండోది, "సొరకాయ." మూడోది, "ఇదీ సొరకాయే." ఆరోది పూర్తయ్యేసరికి వగ్దీ గొంతు లేచింది. "ఏం ముఅల్లిం, నా కూతురి ముందు నన్ను పరీక్షించడానికి చెత్తంతా పోగేశావా?"

పైన కిటికీలోంచి ఇన్సాఫ్ అంతా వింటోంది. ఉన్నవన్నీ ఎర్రవి, ఆయన అన్నీ తెల్లవంటున్నాడు. మిగిలిన ఆరైనా తెల్లవి పెడితే సగం మార్కులైనా వస్తాయి. అరిస్తే ఆయన వింటాడు. అందుకని తీగ మీది తెల్ల దుప్పటి లాగి, రెండు చేతులతో ఊపింది.

"ఏంటే ఇన్సాఫ్, లొంగిపోతున్నావా?" అని ఎదుటి మేడ మీదినుంచి హజ్జా తఫీదా కేక వేసింది. "పొద్దున్నే మొగుడితో యుద్ధమా?"

వీధంతా తలెత్తి చూసింది. ఆ సందులో బయ్యూమీకి విషయం అర్థమైంది. మిగిలిన ఆరింటినీ కాలితో వెనక్కి దొర్లించి, గాడిదకని పక్కన పెట్టిన వాటిలోంచి ఆరు తెచ్చి పెట్టాడు.

వగ్దీ ఏడో కాయని చరిచాడు. మొహం విప్పారింది. "ఆహా! గోరింటలా పండింది!" ఎనిమిదోది ఎరుపు. తొమ్మిది, పది, పదకొండు, అన్నీ ఎరుపే. పన్నెండోదాన్ని చరిచి ముద్దు కూడా పెట్టుకున్నాడు.

అప్పుడు కత్తి దిగింది. సొరకాయలన్న ఆరూ నెత్తురు కారుతున్నట్టు ఎర్రగా తెరుచుకున్నాయి. గోరింటలన్న ఆరూ పాలగిన్నెల్లా తెల్లగా ఉన్నాయి.

వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వేవాళ్ళే, మూడో నాలుగో తప్పయితే. పన్నెండు అయ్యేసరికి నవ్వు రావలసిన చోట మరేదో వచ్చింది. ఒక ముసలాయన మెల్లిగా "సుబ్‌హానల్లా" అన్నాడు.

వగ్దీ తన అరచెయ్యి చూసుకుంటున్నాడు. అది తనది కానట్టు, ఎవరో దాచుకోమని ఇచ్చి వెళ్ళినట్టు. పుస్తకం ప్రకారం రబాబ్ రాయవలసింది ఒక్కటే వాక్యం: పదికి తగ్గాయి కాబట్టి, ఇతనికి ఏమీ తెలియదన్న మాటని కొట్టిపారేయలేం. పెన్సిలు కాగితం మీద పెట్టింది. రాయలేకపోయింది. ఏడాదిన్నరగా అర్థంకాని అధ్యాయం ఆ క్షణంలో ఆమె లోపల ఒక్కసారిగా తెరుచుకుంది. పరీక్షకి ఒక చివరే ఉందనుకుంది తను. రెండు చివరలున్నాయి.

"ఆగండి," అంది. "ఏమీ తెలియనివాడికి ఆరు తగుల్తాయి. ఐదో, ఏడో. గుడ్డిగా చెప్పినా తగుల్తాయి. ఒక్కటీ తగలకుండా చెప్పాలంటే నాలుగువేల తొంభై ఆరుసార్లలో ఒక్కసారి. మా నాన్నకి ప్రతి కాయ లోపలా ఏముందో వినిపిస్తుంది. చెప్పేటప్పుడే తిరగబడుతోంది."

"నిజమే!" బయ్యూమీ ఉండబట్టలేకపోయాడు. "నేను పుట్టింది ఈ బండి మీద. నాకే పదిలో ఒకటి తప్పుతుంది. ఉస్తాద్ వగ్దీకి మాత్రం తప్పడం ఎప్పుడూ తప్పదు! ఇరవై నాలుగేళ్ళుగా మూడు గాడిదల్ని ఈయన ఎంచిన కాయలతోనే మేపాను, ఒక్క రోజు ఒక్క గాడిదకి ఎర్ర ముక్క దొరకలేదు!"

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వగ్దీ తలెత్తి కిటికీ వైపు చూశాడు. దుప్పటి. దాని వెనక బుట్ట. బుట్ట వెనక ఇన్సాఫ్ మొహం. ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆయన మెట్లవైపు ఒక అడుగు వేశాడు. అంతలో నమాజుకి బయల్దేరిన ఒకాయన కాయ పట్టుకుని అడ్డం వచ్చాడు. "ఉస్తాద్, దయచేసి ఇదొక్కటి వినిపెట్టండి." వగ్దీ అలవాటుగా చరిచాడు. "సొరకాయ," అన్నాడు నీరసంగా. ఆ వచ్చినాయన కాయని గుండెకి హత్తుకుని, "దేవుడు మీ చెవిని చల్లగా చూడాలి!" అంటూ కత్తి కూడా పెట్టించకుండా పట్టుకుపోయాడు. వెనక అప్పటికే వరస కట్టారు. బయ్యూమీ తన కుర్చీ తెచ్చి వేశాడు. వగ్దీ కూర్చున్నాడు. ఆయన ఛీ అన్న ప్రతి కాయనీ జనం వినయంగా రెండు చేతులతో అందుకున్నారు. ఆయన మాట పూర్తయ్యేదాకా అందరూ విన్నారు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. వగ్దీ పళ్ళెం పక్కకి జరిపి అడిగాడు.

"ఇన్సాఫ్, ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"పొరపాటునైనా?"

"పొరపాటునైనా లేదు. ఉంటే నా చేతులకి ఒక్క పూటైనా సుఖం దక్కేది."

వగ్దీ ఆమె అరచేతులు తిప్పి చూశాడు. తాడు ఒరిసిన గీత రెండింటిలోనూ ఉంది. అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన వీపు మెల్లగా నిటారైంది. రబాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బుట్ట ఏడువందల ఇరవైసార్లు దిగి ఒక్కసారీ దొరక్కపోవడానికి సంభావ్యత ఎంతో ఆ పుస్తకంలో లేదు.

గురువారం ఉదయం పరీక్షకి బయల్దేరుతూ ఆమె గుమ్మంలో నిలబడింది. "నాన్నా, భయంగా ఉంది."

వగ్దీ దగ్గరికి వచ్చాడు. ఆమె తలని రెండు చేతుల మధ్యకి తీసుకుని, అరచేత్తో మెల్లిగా చరిచి, చెవి ఆన్చాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"సొరకాయ," అన్నాడు గంభీరంగా. "ఖాయంగా తప్పుతావు."

ఇన్సాఫ్ పెళ్ళిళ్ళలోలా నాలుక ఆడిస్తూ సంబరాల కూత పెట్టింది. ఎదుటి మేడ మీదినుంచి హజ్జా తఫీదా అందుకుంది.

ఫలితాలు వచ్చేది నెల తరవాత. షర్బత్ మాత్రం ఆ పూటే పంచేశారు.