మీ బ్యాగు సంగతి మీకెందుకు?

బ్యాగును చెక్-ఇన్‌లో వెయ్యాలా, చేత్తో పట్టుకుని విమానం ఎక్కాలా అన్న నిర్ణయం ప్రయాణికుడికి వదలకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. ఓటు ఎవరికి వెయ్యాలో అతణ్ణే తేల్చుకోమనండి. పెళ్లి ఎవర్ని చేసుకోవాలో అతణ్ణే తేల్చుకోమనండి. ఏదో ఏడుస్తాడు. బ్యాగు విషయం మాత్రం ఎయిర్‌లైన్స్ వారికే అప్పగించాలి. వాళ్లు ఆ బాధ్యతను అడక్కుండానే నెత్తిన వేసుకున్నారు. మనం మాత్రం వాళ్లను నోటికొచ్చినట్టు తిడుతున్నాం. ఎంత కృతఘ్నులం!

నేను గాలి కబుర్లు చెబుతున్నానని అనుకోకండి. మా బంధువర్గంలో సముద్రం దాటే ఏ సూట్‌కేసూ నా చెయ్యి పడకుండా మూతపడదు. సూట్‌కేసు పిడికి తగిలించి బరువు చూసే కొక్కెం త్రాసు మా అందరిలోకీ మొదట కొన్నది నేనే. పిల్లలు నన్ను వెనకాల 'త్రాసు బాబాయ్' అంటారు. ముందు కూడా అంటారు. నాకేం బాధ లేదు. డాక్టర్ని డాక్టరనే కదా అంటారు?

ఇరవయ్యేళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఈ విషయంలో మనుషులకు బొత్తిగా బుర్ర ఉండదు.

మా తోడల్లుణ్ణి చూడండి. ఆయనది క్యాబిన్ పార్టీ. ప్రాణం పోయినా బ్యాగు చెక్-ఇన్‌లో వెయ్యడు. బరువు ఎక్కువైతే సామాను ఒంటిమీదకు బదిలీ చేస్తాడు. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, పైన చలికోటు. కోటు కుడి జేబులో ఛార్జర్లు, ఎడమ జేబులో ఇస్త్రీపెట్టె. ఎండాకాలంలో ఆ అవతారంతో నడిచి వస్తుంటే బీరువాకు కాళ్లొచ్చినట్టుంటుంది. సెక్యూరిటీ వాళ్లు ఒక్కొక్కటీ విప్పించేసరికి ఆయన వెనక లైన్లో పిల్లలు పెద్దవాళ్లవుతారు. అయినా సీట్లో కూలబడి చెమట తుడుచుకుంటూ 'చూశావా, ఒక్క బ్యాగూ ఇవ్వలేదు' అని గర్వంగా నవ్వుతాడు. ఇదీ విజయమేనా?

మా మేనత్తది చెక్-ఇన్ పార్టీ. 'నెత్తిమీద మూటలు పెట్టుకుని ఎవడన్నా నిద్రపోతాడట్రా?' అంటుంది. ఆవిడ అన్నీ పెద్ద నల్ల సూట్‌కేసులోనే వేసి, గుర్తుకోసం పిడికి ఎర్ర రిబ్బను కడుతుంది. అవతల బెల్టు తిరుగుతుంటే నలభై నల్ల సూట్‌కేసులు వస్తాయి, నలభైకీ ఎర్ర రిబ్బన్లే! ఒకసారి ఎవరిదో ఇంటికి తెచ్చేసింది. తెరిస్తే మగవాళ్ల ప్యాంట్లు. తిరిగి ఇచ్చేద్దామంటే అప్పటికే మామయ్య ఒకటి తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. సొంత ప్యాంట్లకంటే అవే బాగా కుదిరాయట!

ఇలాంటి వాళ్ల చేతిలోనా నిర్ణయం పెట్టడం?

అదే ఎయిర్‌లైన్స్ వారి పద్ధతి చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. కౌంటర్ పక్కన ఒక ఇనుప చట్రం ఉంటుంది. అందులో పడితే మీ బ్యాగు మంచిది, పట్టకపోతే చెడ్డది. చక్రాలు లెక్కలోకి వస్తాయా? వెళ్లేటప్పుడు రావు, వచ్చేటప్పుడు వస్తాయి. విదేశానికి వెళ్లొస్తే మనిషి మారతాడంటారు కదా, బ్యాగు మారకూడదా? దీన్ని కొందరు అన్యాయం అంటారు. నేను వైవిధ్యం అంటాను.

ఇక గ్రూపుల సంగతి. మొదటి గ్రూపువారు ముందు ఎక్కుతారు. వీపున ఒకటి, చేతిలో ఒకటి, మెడలో ఒకటి, చంకలో దుప్పటి చుట్టిన పొట్లం ఒకటి. వాళ్లను చట్రం దగ్గరకు ఎవరూ పిలవరు. కొలతలు చూసుకుని, తూకం వేసుకుని, ముద్దుగా ఒక చిన్న బ్యాగు తెచ్చుకున్నవాడు ఐదో గ్రూపులో ఉంటాడు. వాడి వంతు వచ్చేసరికి పైన అరలు నిండిపోతాయి. 'మీ బ్యాగు కింద వేసేస్తామండీ, ఉచితమే!' అని చిరునవ్వుతో చెబుతారు. రూలు పాటించిన వాడికి ఉచితంగా ఏదైనా దొరికేది లోకంలో ఇంకెక్కడ?

ఈ మధ్య మాకే ఆ భాగ్యం కలిగింది. అది చెప్పాలి.

మా ఆవిడ కృత్రిమ కాళ్లు చేస్తుంది. వర్క్‌షాపులో ఆవిడకో బల్ల, ఆకురాళ్లు, గోడనిండా వేలాడే ప్లాస్టర్ అచ్చులు. ఆవిడ దగ్గర ఏడేళ్లుగా కాలు చేయించుకునే అమ్మాయి ఒకతి ఉంది. హెయిర్ డ్రెస్సర్. మా ఆవిణ్ణి అక్కా అనీ నన్ను బావగారూ అనీ పిలుస్తుంది. ఆ అమ్మాయి ఈమధ్యే సముద్రం అవతల ఒక సెలూన్‌లో పనికి కుదిరింది. సోమవారం చేరాలి, రోజంతా నిలబడి చేసే పని. తీరా అక్కడికి వెళ్లాక మోకాలి కింద తొడుక్కునే తొడుగు పగిలింది. అక్కడ కొత్తది చేయించుకోవాలంటే నాలుగు నెలలు క్యూలో ఉండాలట. ఆ కాలి అచ్చు మా ఆవిడ దగ్గరుంది. పది రోజులు కూర్చుని కొత్త కాలు చేసింది. శనివారం అక్కడికి చేరేలా మా ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాం. కాలు తొడిగి సరిచెయ్యడానికి ఆవిడ, సామాను సర్దడానికి నేను.

నాకొక సూత్రం ఉంది. సగం-సగం. ఏ వస్తువైనా సగం చెక్-ఇన్‌లో, సగం క్యాబిన్‌లో. ఒక బ్యాగు పోయినా సగం మిగులుతుంది. చొక్కాలు రెండిక్కడ, రెండక్కడ. మందులు సగమిక్కడ, సగమక్కడ. ఇరవయ్యేళ్లుగా మా బంధువులందరూ ఇలాగే ప్రయాణం చేస్తున్నారు. ఒక్క చెప్పుతో దిగిన వాళ్లు కొందరున్నారు గానీ, అసలు చెప్పే లేకుండా దిగిన వాళ్లు లేరు.

కాబట్టి మరలు విప్పి, తొడుగు ఉన్న పై భాగాన్ని మా ఆవిడ క్యాబిన్ బ్యాగులో పెట్టి, పాదాన్ని పెద్ద సూట్‌కేసులో సర్దాను.

'ఇదేం పని? కాలు ఎక్కడుంటే పాదం అక్కడే ఉండాలి కదా!' అంది మా ఆవిడ.

'నువ్వు కాళ్ల సంగతి చూసుకో, బ్యాగుల సంగతి నేను చూసుకుంటాను' అన్నాను. నా ఇంట్లో నాకున్న అధికారం అదొక్కటే. దాన్ని వదులుకోలేను కదా.

గేటు దగ్గర మాది ఐదో గ్రూపు. పసుపురంగు ట్యాగుల కట్ట పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. అరలు నిండిపోయాయి, బ్యాగులిచ్చెయ్యండి అంది. మా ఆవిడ బ్యాగును గుండెలకు హత్తుకుంది.

'ఇందులో ఒకమ్మాయి కాలుంది. ఇవ్వను.'

'మెడికల్ ఐటమా మేడమ్? అయితే మినహాయింపు ఉంది. పేషెంటు ఎవరు?'

'పేషెంటు అక్కడుంది. దీనికోసమే ఎదురుచూస్తోంది.'

'పేషెంటు వెంట ఉంటేనే మినహాయింపు మేడమ్.'

'కాలు ఇక్కడుంటే మనిషి ఎలా వస్తుందమ్మా?'

'అది రూల్లో రాయలేదు మేడమ్.'

ఎంత స్పష్టమైన సమాధానం! మనలో ఎవరైనా ఇంత నిక్కచ్చిగా మాట్లాడగలరా? చివరికి ఆ బ్యాగుకు పసుపు ట్యాగు పడింది. గాజు తలుపు పక్కనున్న బండిలోకి వెళ్లింది. మేం ఎక్కేశాం.

దిగాక బెల్టు దగ్గర నిలబడ్డాం. పెద్ద సూట్‌కేసు ఠంచనుగా వచ్చింది. క్యాబిన్ బ్యాగు రాలేదు. బెల్టు ఆగిపోయింది, దీపాలు కొన్ని ఆర్పేశారు, తుడిచే ఆవిడ మా కాళ్ల చుట్టూ తుడిచి వెళ్లిపోయింది. నా సూత్రం యాభై శాతం విజయవంతమైంది. పాదం మా దగ్గరుంది!

పోయిన సామాను కౌంటర్లో ఒక పెద్దమనిషి ఫారం ఇచ్చాడు. పోయినవి దుస్తులా, ఎలక్ట్రానిక్సా, క్రీడా సామగ్రా, ఇతరాలా? కాలు అని చెప్పాం. ఆయన ఏమాత్రం కంగారుపడకుండా 'కుడికాలా, ఎడమకాలా?' అని అడిగి, 'ఇతరాలు' దగ్గర టిక్కు పెట్టాడు. అసౌకర్యానికి చింతిస్తూ మాకో సంచి బహూకరించాడు. అందులో ఒక టూత్‌బ్రష్, ఒక దువ్వెన, ఒక జత మేజోళ్లు ఉన్నాయి. నిజంగా జతే ఇచ్చారు.

అప్పటినుంచి ఫోన్‌కు గంటకో సందేశం. 'మీ బ్యాగు సురక్షితంగా ఉంది.' అది మేమెన్నడూ చూడని ఒక దేశంలో సురక్షితంగా ఉంది. మరుసటిరోజు ఇంకో దేశంలో సురక్షితంగా ఉంది. కాలికి తిరిగే యోగం ఉంది, ఎవరేం చేస్తారు?

ఆ అమ్మాయి ఒక లాండ్రీ పైన గదిలో అద్దెకుంటోంది. మా ఆవిడ ఆదివారమంతా ఆ గదిలో నేలమీద కూర్చుని, పగిలిన పాత తొడుగుకు జిగురూ టేపూ వేసింది. చుట్టేది, తొడిగేది, నాలుగడుగులు వేయించేది, పటుక్కున మళ్లీ పగిలేది. మూడోసారికి టేపు అయిపోయింది. ఆవిడ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను కిటికీలోంచి వీధి చూశాను.

సోమవారం ఆ అమ్మాయి రెండు కర్రలమీద సెలూన్‌కు వెళ్లింది. యజమానురాలు చెడ్డమనిషేం కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. 'రెండు చేతులూ కర్రలకే సరిపోతే కత్తెర ఎవరు పట్టుకుంటారమ్మా?' అంది. మధ్యాహ్నానికి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేసింది.

బ్యాగు గురువారం వచ్చింది. గీత కూడా పడలేదు. తెచ్చినవాడు సంతోషంగా సంతకం తీసుకుని వెళ్లాడు. మా ఆవిడ మరలు బిగించి తొడిగితే కాలు అతికినట్టు సరిపోయింది. ఆ అమ్మాయి కిటికీ నుంచి తలుపు దాకా నడిచింది. మెట్లు దిగి, మెట్లెక్కి వచ్చింది. 'ఎంత బాగా చేశావక్కా' అంటూ ఏడ్చింది. తర్వాత ఎయిర్‌లైన్స్ వాళ్లను తిట్టింది. వాళ్ల విమానాలను, వాళ్ల రూల్సును, వాళ్ల పసుపు ట్యాగులను, ఏదీ వదలకుండా తిట్టింది. 'వాళ్లకసలు మనసుంటుందా బావగారూ?' అని నన్నడిగింది.

'ఎక్కడుంటుందమ్మా!' అన్నాను.

పాఠకులారా, ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. గేటు దగ్గరి సంభాషణ నేను పూర్తిగా రాయలేదు. స్థలాభావం వల్ల.

మా ఆవిడ ఎంతకీ బ్యాగు వదలకపోయేసరికి ఆ ట్యాగుల అమ్మాయి లోపలికి ఫోన్ చేసింది. తగ్గుస్వరంతో ఏదో బతిమాలింది. తర్వాత నా వైపు తిరిగింది. ఇద్దరి బోర్డింగ్ పాసులూ నా చేతిలోనే ఉన్నాయి మరి.

'సర్, ఒక్క బ్యాగుకు చోటు చూస్తామన్నారు. మీ ఇద్దరివీ రెండున్నాయి. ఏది ఉంచమంటారు?'

అవును, అడిగింది. రూల్లో లేకపోయినా అడిగింది. నన్నే నిర్ణయించమంది.

నా బ్యాగులో ఇస్త్రీ చొక్కాలు రెండు, సగం మందులు, మెడకింద పెట్టుకునే దిండు ఉన్నాయి. అంతే. కానీ ఇరవయ్యేళ్లలో నా క్యాబిన్ బ్యాగు ఒక్కసారి కూడా నా చేతిలోంచి పోలేదు. ఆ మాట నేను చెప్పుకోని పెళ్లి లేదు, పేరంటం లేదు. వెనక లైన్లో ఎవరో నిట్టూర్చారు. మా ఆవిడ నా ముఖంలోకి చూసింది. నా చెయ్యి నా బ్యాగు పిడిని వదల్లేదు. ఆ అమ్మాయి నా చేతివంక ఒక క్షణం చూసి, మా ఆవిడ బ్యాగు అందుకుంది. విమానంలో ఆ దిండు పెట్టుకుని ఆరు గంటలు హాయిగా నిద్రపోయాను కూడా.

అందుకే చెబుతున్నాను, ఇలాంటి నిర్ణయాలు మనలాంటి వాళ్లకు ఎవరూ వదలకూడదు. ఎయిర్‌లైన్స్ వారిని ఇకమీదట ఎవరూ ఒక్క మాట అనకండి. లాండ్రీ పైన గదిలో ఆ అమ్మాయి తిట్లన్నీ నా బదులు వాళ్లే మోశారు. ఒక్క కిలో కూడా ఎక్కువైందని అనలేదు.

మా ఆవిడ ఆ అమ్మాయికి అసలు సంగతి చెప్పలేదు. నన్నూ ఒక్క మాట అనలేదు. తిరుగు ప్రయాణానికి తన బ్యాగు తనే సర్దుకుంది. ఎయిర్‌పోర్టులో నేను చెయ్యి చాచినా ఇవ్వకుండా, తన బోర్డింగ్ పాసు తనే పట్టుకుంది.